పురుటి ఖర్చు: తగ్గింపదగినది, తగ్గింపరానిది

మన తెలుగునాట తొలికాన్పు పుట్టినింట జరుగుట ఆచారము. సీమంతము కాగానే పిల్లను తోడ్కొని వత్తురు. నాటినుండి బిడ్డకు మూడవ నెలయో ఐదవ నెలయో వచ్చి తల్లీబిడ్డలు అత్తవారింటికి పోవువరకు అగు వ్యయమంతయు పిల్ల తలిదండ్రులదే. పెండ్లినాటి అప్పు తీరకమునుపే పురుటి అప్పు నెత్తిన పడిన సంసారములు మన చుట్టుపట్టుల ఎన్ని లేవు! ఇట్టి ఇండ్లలో పొదుపు మాట వినవచ్చుట సహజమే. కాని ఆ పొదుపు ఎక్కడ మొదలగుచున్నది? అంగడిలో కాదు, బారసాల పందిరిలోను కాదు. బాలింతరాలి కంచములో మొదలగుచున్నది. కూరలు వలదు, పప్పు వలదు, నీళ్లు ఎక్కువ త్రాగరాదు, రాత్రి అన్నము వలదు. దీనికి పథ్యమని పేరు. అదే ఇంట ఇరువదియొకటవనాడు రెండువందల మందికి విందు.

ఈ విపరీతమును గూర్చియే మేము నాలుగు మాటలు వ్రాయదలచితిమి. పురుటిలో డబ్బు మిగుల్చుకొనుటకు త్రోవలు చాల కలవు. తల్లి తిండి మాత్రము అందులోనిది కాదు.

పాలిచ్చు తల్లికి మొదటి ఆరు నెలలు దినమునకు సుమారు 600 కేలరీల ఆహారము అదనముగా కావలెనని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు లెక్కకట్టియున్నారు. అనగా ఇంచుమించు మరియొక పూట భోజనము. మనమో, ఉన్న పూటలలో ఒకదానిని తీసివేయుచున్నాము. దీని ఫలము వెంటనే కంటికి కనబడదు. తిండి చాలకున్నను తల్లి కొంతకాలము పాలిచ్చుచునే యుండును. ఆ పాలలోనికి కావలసిన సున్నమును తన ఎముకలనుండియైన ఇచ్చుకొనును. కాన్పులో పోయిన రక్తము మరల పట్టుటకు ఇనుము లేక, ఆమెయే నెలల తరబడి కండ్లు తిరుగుచు, ఆయాసపడుచు తిరుగును. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమునను తెలంగాణమునను గర్భిణులలో సగముకంటె ఎక్కువమందికి రక్తహీనత కలదని తేలినది. అట్టి శరీరముతో కాన్పునకు పోయి వచ్చినదానికి ఉన్న పప్పుకూరలు కూడ మాన్పించుట పథ్యమెట్లగును?

పెద్దల మాట అంతయు త్రోసిపుచ్చవలెనని మా అభిప్రాయము కాదు. మునగాకు వేసి వండిన తెలగపిండి కూరను బాలింతకు పెట్టుమని చెప్పిన ఆ ముసలమ్మ ఎవరోగాని మిక్కిలి వివేకవతి. నువ్వులు గానుగ ఆడించి నూనె తీయగా మిగిలిన పిండి అది. మాంసకృత్తులు దానియందు మెండు, వెల స్వల్పము. మునగాకు పెరటి చెట్టుది. నువ్వుండలు, వేరుసెనగపప్పు బెల్లము కలిపి చేసిన ఉండలు, రాగిజావ, మెంతికూర పప్పు, అలవాటున్నవారికి దినమునకొక గ్రుడ్డు, రెండు గ్లాసుల పాలు లేక పెరుగు: ఇంతకుమించి ఘనమైన ఆహారము బాలింతకు అక్కరలేదు. వెల్లుల్లి కారముతో మొదటి ముద్ద తినుడు, తప్పులేదు. రెండవ ముద్ద పప్పుతో తినుడు. దాహమైనప్పుడెల్ల నీరు త్రాగవలెను. నీరు త్రాగిన పొట్ట పెరుగునను మాటకు ఆధారమేదియు లేదు.

ఇచ్చటనే ఒక అనవసరపు ఖర్చును గూడ చెప్పవలసియున్నది. గర్భిణులకు, బాలింతలకు బలమిచ్చునని రంగురంగుల డబ్బాలలో అమ్ము పొడులను కొందరు నెలకు రెండేసి కొనుచున్నారు. ఆ డబ్బా వెలకు ఎన్ని గ్రుడ్లు, ఎన్ని లీటర్ల పాలు వచ్చునో ఒకసారి కాగితముమీద వేసి చూచుకొన్నచో ఆ మోజు తీరును. ఇనుము మాత్రలు మాత్రము మానరాదు. గర్భము నిలిచిన నాలుగవ నెలనుండి 180 దినములు, కాన్పయిన పిదప మరల 180 దినములు వాడవలెనని ప్రభుత్వ వైద్యశాఖవారి నియమము. ప్రభుత్వ ఆసుపత్రులలో వీనిని వెల లేకయే ఇత్తురు. కాన్పుతో వీని పని తీరినదనుకొని పారవేయువారు చాలమంది కలరు. కాఫీ టీలతో గాని, సున్నపు మాత్రతో కలిపి గాని వేసికొన్నచో ఇనుము సరిగా పట్టదు. నిమ్మరసముతో వేసికొనుట మేలు.

ఇక బిడ్డ పాలు. పుట్టిన గంటలోపల బిడ్డకు రొమ్ము అందీయవలెను. మొదటి రెండు మూడు దినములు వచ్చు చిక్కని పసుపుపచ్చని ముర్రుపాలు బిడ్డకు మొదటి రక్ష. వానిని పిండి పారబోయుట, బదులుగా తేనెయో పంచదార నీళ్లో ఆముదమో నాకించుట ఇంకను కొన్ని ఇండ్లలో మానలేదు. ఏడాదిలోపు బిడ్డకు తేనె అపాయకరమని నేటి వైద్యులు ఖండితముగా చెప్పుచున్నారు. ఆరు నెలలు నిండువరకు తల్లిపాలు తప్ప చుక్క నీరైనను అక్కరలేదు. గ్రైప్ వాటరు సీసాల వెల ఆ విధముగా మిగులును.

డబ్బాపాల లెక్క చూతము. మూడు నెలల బిడ్డ దినమునకు సుమారు 750 మిల్లీలీటర్ల పాలు త్రాగును. దానికి నూరు గ్రాముల పొడి కావలెను. అనగా 400 గ్రాముల డబ్బా నాలుగు దినములకు చెల్లును. నెలకు ఏడెనిమిది డబ్బాలు. డబ్బా వెల 400 రూపాయలే అనుకొన్నను నెలకు 3,000 రూపాయలు. ఆరు నెలలకు 18,000. సీసాలు, వానిని మరగించు వంటగ్యాసు, సీసా సరిగా మరగనందున వచ్చు విరేచనములకు వైద్యుని రుసుము ఇంకను వేరు. ఇంత వ్యయము భరింపలేని సంసారములో ఏమగును? డబ్బా నాలుగు దినములకు మారుగా ఎనిమిది దినములు రావలెనని పొడి తగ్గించి నీరు హెచ్చించెదరు. బిడ్డ కడుపు నిండును, ఒడలు నిండదు. తెలియకయే బిడ్డను పస్తు పెట్టుటయన్నమాట. పొదుపులలోకెల్ల ఘోరమైన పొదుపు ఇదియే.

ఇంతకు తల్లికి పాలు లేక డబ్బా తెచ్చినవారు కొద్దిమందియే. పాలు చాలుట లేదేమోనను భయముతో తెచ్చినవారే పెక్కుమంది. బిడ్డ ఏడ్చినది, పాలు లేవు కాబోలునని ఇరుగమ్మ అనును. మరునాడు డబ్బా వచ్చును. డబ్బా పట్టిన కొలది బిడ్డ రొమ్ము కుడుచుట తగ్గును. కుడుచుట తగ్గిన కొలది పాలు తగ్గును. పదునైదు దినములకు ఇరుగమ్మ మాట నిజమగును. పాలు చాలుచున్నవో లేవో తెలిసికొనుటకు సులభమైన గురుతు కలదు. మొదటి వారము గడచిన పిదప బిడ్డ దినమునకు ఆరుసార్లకు తక్కువ కాకుండ మూత్రము పోయుచు, నెలనెల బరువు పెరుగుచున్నచో పాలు చాలినట్లే. డబ్బాపాల ప్రకటనలను, ఉచితపు నమూనాలను పంచుటను 1992 నాటి చట్టము నిషేధించుచున్నది. డబ్బామీద బిడ్డ బొమ్మయైనను వేయరాదు. ప్రకటన లేకయే అమ్మకము సాగుచున్నదన్నచో, ఆ ప్రకటన పని మన నోళ్లే చేయుచున్నవన్నమాట.

నిజముగా పాలు రాని తల్లులును, ఇయ్యకూడని వ్యాధి కలవారును లేకపోలేదు. వారు వైద్యుని అడిగి, డబ్బామీది కొలత తప్పక, మరగి చల్లారిన నీటిలో కలిపి పట్టవలెను. ఇందు వారి తప్పేమియు లేదు. వారిని దెప్పువారిదే తప్పు. సీసాకు బదులు మన అమ్మమ్మల ఉగ్గుగిన్నె వాడుట మేలు. దానికి మూలలు లేవు, రబ్బరు లేదు, కడుగుట తేలిక. నెలలు నిండని పసికందులకు నేటి పెద్ద ఆసుపత్రులలో పాలు పట్టుటకు ఇట్టి గిన్నెనే వాడుచున్నారు.

ఉద్యోగము చేయు తల్లుల కొక మాట. 2017 సవరణచే మొదటి రెండు కాన్పులకు జీతముతో 26 వారముల సెలవు చట్టసిద్ధమైనది. పదిమందియో అంతకు మించియో పనిచేయు సంస్థలకు ఇది వర్తించును. ఆ 26 వారములు ఇంచుమించు ఆరు నెలలు. కాన్పునకు ముందే ఎనిమిది వారములు వాడుకొన్నచో పాలిచ్చుటకు మిగులునది నాలుగు నెలలే. ఒంట్లో బాగుండి, వైద్యుడు సమ్మతించినచో, సెలవును కాన్పు దగ్గర పడినప్పుడు తీసికొనుట బిడ్డకు లాభము. పనికి పోవునాటికి చేతితో పాలు పిండి మూతగల శుభ్రమైన స్టీలు గిన్నెలో ఫ్రిజ్‌లో ఉంచినచో ఒక దినము నిలువ ఉండును.

బిడ్డ గుడ్డల విషయమున మనవారి పూర్వాచారము ఎంత మేలైనదో నేటి అంగళ్లు చూచినగాని తెలియదు. పురుడు వెళ్లువరకు బిడ్డకు క్రొత్తబట్ట తొడుగరాదని అనేక గృహములలో నియమము. కారణమేమి చెప్పినను, పదియేండ్లు ఉతికిన నూలు గుడ్డ పసికందు చర్మమునకు పట్టుకంటె మెత్తన. ఐదున్నర మీటర్ల పాత నూలుచీరను మడతపెట్టి 55 సెంటీమీటర్ల చదరములుగా కత్తిరించినచో ఇరువది గుడ్డలగును. నాన్నగారి పాత పంచె ఒకటి చేర్చినచో ముప్పదికి పైన. జరీ అంచులు, గంజి, రంగు వెలియు చీరలు మాత్రము పనికిరావు. పాలియెస్టరు కలిసినది తడి పీల్చదు. అంచులు చేతితో మడచి కుట్టవలెను, లేనిచో పోగులు ఊడి బిడ్డ వ్రేళ్లకు చుట్టుకొనును. ఈ కుట్టుపని ఏడవ నెలలో మొదలుపెట్టినచో తీరికగా సాగును. వేసవి కాన్పునకు రెండు డజనులు చాలును. శ్రావణ భాద్రపదములలోనైనచో దండెము మీదివి రెండు దినములకైన ఆరవు గనుక మూడు డజనులు కావలెను. ఎండయే వీనికి మందు. ఎండ లేనినాడు బాగుగా ఆరిన పిదప ఇస్త్రీ చేసి వాడవలెను.

వాడి పారవేయు డైపర్లు దినమునకు ఎనిమిది చొప్పున, ఒక్కొక్కటి పది రూపాయలైనను, నెలకు 2,400 రూపాయలు. ఏడాదికి ఎంతయగునో మా పాఠకురాండ్రే గుణించుకొందురుగాక. వీనిని బొత్తిగా మానవలెనని మేమనము. రాత్రి ఒకటి, ప్రయాణమున ఒకటి వాడినచో తల్లికి నిద్ర దక్కును. తల్లి నిద్రకు వెల కట్టలేము. ఉతుకు పని ఎవరి నెత్తిన పడునో గూడ ఆలోచింపవలెను. బాలింతరాలి తల్లి అరువదియేండ్లది; ఆమె నడుము విరిచి మిగిల్చిన 2,400 పొదుపు కాదు. ఇంట మగవారు రెండు బకెట్ల గుడ్డలు పిండి ఆరవేసినచో వారి గౌరవమునకు వచ్చు లోటేమియు లేదు. పగటిపూట గుడ్డలు వాడుటలో మరియొక లాభము కలదు. పైన చెప్పిన ఆరుసార్ల లెక్క గుడ్డ కట్టినప్పుడు దానంతటదే తెలియును. డైపరులో ఎన్నిసార్లో తెలియదు. పాలు చాలుట లేదను భయము చాలవరకు ఇందువలననే పుట్టుచున్నది.

చొక్కాల విషయము రెండు మాటలలో ముగింతము. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ ఐదవ నెలకు ఆరు కిలోలు, ఏడాదికి తొమ్మిది కిలోలు తూగును. పుట్టినప్పటి చొక్కా మూడవ నెలకు పట్టదు. ఆరు జబ్బాలు, రెండు టోపీలు చాలును; అక్కయ్య పిల్లలవో పిన్ని మనుమలవో అడిగి తెచ్చుకొనుట ఇంకను మేలు. అడుగుటకు సిగ్గుపడనక్కరలేదు. పెట్టెలో మురుగుచున్న పసిబట్టలు ఎవరికైన ఉపయోగపడునా అని ఎదురుచూచు ఇల్లాండ్రు ప్రతి వీధిలోను కలరు.

బిడ్డ వస్తువుల దుకాణములలో అమ్మువానిలో చాలవరకు తల్లి భయమును చూచి తయారుచేసినవే. పసిబిడ్డకు తలదిండు అక్కరలేదు. చదునైన పరుపుమీద వెల్లకిల పండుకొనబెట్టుట క్షేమము. దోమతెర తప్పనిసరి. పౌడరు వలదు, ఆ ధూళి ఊపిరితిత్తులలోనికి పోవును. ఒంటికి కొబ్బరినూనెయో నువ్వులనూనెయో చాలును; ముక్కులోను చెవులలోను నూనె పోయరాదు. నడకబండి, అనగా చక్రముల చట్రములో బిడ్డను నిలువబెట్టు ఆ వస్తువు, నడక నేర్పకపోగా మెట్లమీదినుండి పడవేయును; కెనడా దేశమువారు 2004లో దాని అమ్మకమునే నిషేధించిరి. మనవారు పుట్టినరోజు కానుకగా ఇచ్చుచున్నారు! ఉయ్యాల కొనవలసినదే లేదు. చుట్టములలో ఏ ఇంటనో అటకమీద చెక్క ఉయ్యాల ఒకటి తప్పక యుండును. దూలమునకు కట్టు చీర ఉయ్యాలయు మంచిదే. కొక్కెమును, ముడిని దినమునకొకసారి చూచుకొనవలెను, బిడ్డను ఒంటిగా వదలరాదు.

ఇంతవరకు చెప్పినవి చిన్న మొత్తములు. పెద్ద మొత్తము ఆసుపత్రిది. అప్పులు పుట్టునది అక్కడనే. 2011 జూను 1వ తేదీన ఆరంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమము ప్రకారము ప్రభుత్వ ఆసుపత్రులలో కాన్పు, అవసరమైనచో శస్త్రచికిత్స, మందులు, పరీక్షలు, రక్తము ఉచితము. మామూలు కాన్పునకు మూడు దినములు, శస్త్రచికిత్సయైనచో ఏడు దినములు తల్లికి భోజనము పెట్టుదురు. ఆసుపత్రికి పోవుటకును ఇంటికి మరలుటకును బండి కూడ అందులోనిదే. ప్రతి నెల 9వ తేదీన గర్భిణులకు వైద్యుల పరీక్ష ఉచితముగా జరుగుట 2016 నుండి వచ్చిన ఏర్పాటు. ప్రభుత్వ ఆసుపత్రియనగానే పెదవి విరుచు మధ్యతరగతి కుటుంబములవారు, తమ ఊరి ఆసుపత్రి ఎట్లున్నదో ఒకసారి స్వయముగా చూచి వచ్చి పిదప నిశ్చయించుకొనుట మంచిది. కొన్ని చోట్ల శుభ్రత చాలదు. కొన్ని చోట్ల ప్రైవేటువానిని మించిన వైద్యులు కలరు. చూడనిదే చెప్పుటకు వీలులేదు.

ప్రైవేటు ఆసుపత్రికే పోదలచినవారు ఎనిమిదవ నెలలోనే మామూలు కాన్పునకెంత, శస్త్రచికిత్సకెంత, గది అద్దె ఎంత, బిడ్డను ప్రత్యేకమైన గదిలో ఉంచవలసివచ్చినచో దినమునకెంత అని నాలుగు ప్రశ్నలు అడిగి జవాబులు వ్రాసి పెట్టుకొనవలెను. బీమా కలవారు ఆ పత్రమును గర్భము ధరింపకమునుపే చదువుట మంచిది. సొంతముగా తీసికొను పాలసీలలో కాన్పు వ్యయమునకు కొన్ని ఏండ్ల నిరీక్షణకాలము ఉండుట సామాన్యము. ఉద్యోగస్థులకు కంపెనీవారు చేయించు సామూహిక బీమాలో ఆ చిక్కు సాధారణముగా ఉండదు.

శస్త్రచికిత్స మాట వచ్చినది గనుక ఒక చేదుమాట చెప్పక తప్పదు. పైన చెప్పిన 2019–21 సర్వే ప్రకారము తెలంగాణమున నూటికి అరువదికి మించి, ఆంధ్రప్రదేశమున నూటికి నలువదిరెండుకు మించి కాన్పులు కోతతో జరిగినవి. దేశమంతటికి కలిపి చూచినచో ఇది నూటికి ఇరువదియొకటి మాత్రమే. మన తెలుగు ఆడువారి శరీరములు వేరుగా నిర్మింపబడలేదు గదా! ప్రాణాపాయమున్నప్పుడు కోత వరమే. దానివలన బ్రదికిన తల్లులు, బిడ్డలు లెక్కకు మిక్కిలి. అయితే మంచి నక్షత్రము చూచి, దినము పెట్టుకొని, వైద్యుని తొందరపెట్టి కోయించుట ఏ శాస్త్రములోనిది? 39 వారములు నిండక తీసిన బిడ్డకు ఊపిరి సరిగా అందక, గాజుపెట్టెలో పెట్టవలసివచ్చుట అరుదు కాదు. అక్కడి దినపు రుసుము ముందు జ్యోతిష్కుని సంభావన ఏపాటిది? వ్యయము అట్లుండగా, తల్లికి మానవలసిన గాయము, మరుసటి కాన్పునకు కూడ తప్పని చిక్కు. ముహూర్తము బిడ్డనే నిశ్చయించుకొననిండు.

టీకాలలో మిగుల్చుకొను త్రోవ ప్రభుత్వమే చూపినది. పుట్టిన వెంటనే వేయు బి.సి.జి., పోలియో చుక్కలు, హెపటైటిస్-బి మొదలు 6, 10, 14 వారములలోను, తొమ్మిదవ నెలలోను వేయవలసినవన్నియు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఉచితము. మునుపు వేలు పోసి కొనవలసిన న్యుమోనియా టీకా 2021 నాటికి దేశమంతట ఈ పట్టికలో చేరినది. జ్వరము రాని టీకాయని ప్రైవేటున అధిక ధరకు వేయించుకొనువారు వేయించుకొందురుగాక. ఉచితపు టీకాయు అంతే కాపాడును. ఒక రాత్రి జ్వరమునకు భయపడి టీకాయే మానివేయుట మాత్రము కూడదు.

కాన్పునకు ప్రభుత్వములిచ్చు నగదు సహాయములును కలవు. కేంద్ర ప్రభుత్వము 2017లో ఆరంభించిన మాతృవందన యోజనలో మొదటి బిడ్డకు 5,000 రూపాయలు. రెండవది ఆడపిల్లయైనచో 6,000. తెలంగాణమున అదే సంవత్సరము వస్తువుల సంచితో పాటు 12,000, ఆడపిల్లయైన 13,000 రూపాయలు ఇచ్చు పథకము వచ్చినది. పథకముల పేర్లు, మొత్తములు ప్రభుత్వములతోపాటు మారుచుండును గనుక మీ వీధి అంగన్‌వాడీ కార్యకర్తను మూడవ నెలలోనే కలిసి పేరు వ్రాయించుకొని, ఇప్పుడేది వర్తించునో కనుగొనుడు. వచ్చునని నమ్మి ముందే అప్పు చేయరాదు. వచ్చినది తల్లి పేరనున్న ఖాతాలోనే ఉండనీయవలెను.

ఇక సీమంతమును, బారసాలయు. మునుపు గాజులు తొడిగి, చలిమిడి పెట్టి, పేరంటము చేసి ముగించు వేడుకకు నేడు మండపము, పూల వేదిక, ఛాయాచిత్రకారుడు, చలనచిత్రము చేరినవి. బారసాలకు వెండి ఉగ్గుగిన్నె, వెండి మొలత్రాడు, కాళ్లకు కడియములు, మెడలో గొలుసు, అల్లునికి ఉంగరము, వియ్యపురాలికి పట్టుచీర. ఇవి లేకున్న నలుగురిలో చిన్నతనమని పిల్ల తల్లి ఏడ్చును. ఆమె ఏడ్పు నిజమైనదే. దానిని మేము పరిహసింపము. మా పాఠకురాండ్రలో అత్తలును కలరు. వారినే మేము అడుగుచున్నాము: పుట్టిన బిడ్డ మీ వంశాంకురమని, మీ ఇంటిపేరు నిలుపువాడని చెప్పుకొందురే, ఆ బిడ్డ ఈ లోకమునకు వచ్చుటకైన ఆసుపత్రి ఖర్చు వియ్యంకుడు తాకట్టు పెట్టి తేవలసినదా? పురుడు పోయుటలోని శ్రమ, రాత్రుల మేల్కొలుపు, మూడు నెలల అన్నము పుట్టినింటివారు సంతోషముతో ఇత్తురు. ఆసుపత్రి రొక్కము బిడ్డ తండ్రి చెల్లించుట న్యాయము. పిల్ల నోటితో ఇది అడుగుట కష్టము, ఆమె తండ్రి అడుగుట అంతకంటె కష్టము. అల్లుడు సీమంతమునాడే మామగారితో, ఆసుపత్రి సంగతి నేను చూచుకొందును మామయ్యగారూ, అని ఒక్కమాట అన్నచో, ఆ ఇంట నాలుగేండ్ల వడ్డీ తప్పును. కుమారునికి ఆ మాట నేర్పవలసినది తల్లియే. ఇప్పటికే కొన్ని కుటుంబములలో ఈ పద్ధతి వచ్చినది. దానివలన ఎవరి గౌరవమును తగ్గలేదు.

కానుకల విషయములో కూడ ముందే చెప్పుకొన్న మంచిది. పది ఇండ్లనుండి పది వెండి గిన్నెలు వచ్చుట కంటె ఒకరు దోమతెర, ఒకరు వాననాటి గుడ్డలు, ఒకరు బాలింతకు నెలకు సరిపడు నువ్వులు, బెల్లము, నేయి తెచ్చినచో ఎంత సుఖము! అక్కచెల్లెండ్రు, పిన్నులు, మేనత్తలు వంటివారితో ఇట్లు చెప్పుకొనుటకు మొగమాటమేల? చెప్పినచో నిజముగా సంతోషించువారే ఎక్కువ. ఏమి తేవలెనో తెలియకయే వారు వెండి అంగడికి పోవుచున్నారు.

ఆరవ నెల నిండి అన్నప్రాశనమైన పిమ్మట డబ్బా ఆహారముల మోజు మరల మొదలగును. ఇంటి ఉగ్గునకు మించినది లేదు. మూడు పాళ్లు బియ్యము, ఒక పాలు పెసరపప్పు విడివిడిగా దోరగా వేయించి, రవ్వగా విసరి, గాలి చొరని డబ్బాలో పోసికొనవలెను. ఎంత కావలెనో అంత నీటిలో మెత్తగా ఉడికించి, చిటికెడు నేయి వేసి పట్టవలెను; పలుచగా నీళ్లవలె కాక, చెంచానుండి మెల్లగా జారునంత చిక్కగా ఉండవలెను. ఏడాది నిండువరకు ఉప్పు, పంచదార కలుపరాదు. ఈ పిండి కిలోకు అగు వెలయు, అంగడి డబ్బా వెలయు పోల్చిచూడుడు. ఏడవ నెలనుండి మూడేండ్లవరకు బిడ్డలకు అంగన్‌వాడీలలో ఇచ్చు పిండియు మంచిదే, దానిని తెచ్చుకొనుటకు నామోషీ వలదు.

తల్లీబిడ్డలను అత్తవారింటికి పంపునాడు సారె పెట్టెలతో ఇల్లంతయు హడావుడిగా నుండును. మిగిలిన పొత్తిగుడ్డలు, ఉగ్గుగిన్నె, దోమతెర అడుగున సర్దుడు. తల్లి ఇనుము మాత్రలు ఎన్ని మిగిలియున్నవో లెక్కించి, అవి అయిపోవు దినమును అట్టమీద వ్రాసి, అల్లుని చేతికిచ్చి చెప్పుడు. టీకాల పుస్తకము మాత్రము పెట్టెలో పెట్టక పిల్ల చేతిసంచిలో నుంచవలెను; మరుసటి టీకా తేది దానిలోనే యున్నది, ఆ తేదికి ఆమె ఏ ఊరిలో నున్నను ఆ పుస్తకము చూపినచో వేయుదురు.